నంబరు ఎవరికి చెప్పవలెను?

ఈసారి మేము వ్రాయుచున్నది మా తప్పును గూర్చి. అది మా ఒక్కరి తప్పే అయితే మా మనస్సులోనే ఉంచుకొనేవారము. అయితే మీ సంఘములలో కూడ చదువుకొన్న పెద్దలు, యౌవనులు ఇదే పనిని సేవ అనుకొని చేయుచుందురని తోచి వ్రాయుచున్నాము.

కుంభారి మీలో చాలమందికి తెలిసిన స్థలమే. షోలాపూరు నుండి అక్కల్‌కోట రోడ్డున పోతే వచ్చును. ఇక్కడ గోదుతాయి పరుళేకర్ గారి పేరిట బీడీలు చేసే స్త్రీలకు కట్టిన పది వేల ఇండ్లను 2006లో ఇచ్చినారు. తరువాత రేనగర్ వచ్చినది. అక్కడ 2024 జనవరి 19న మొదటి 15 వేల ఇండ్లు ఇచ్చినారు. మగ్గము పనివారు, బీడీల వారు, చిల్లర వ్యాపారులు కలిసి ఉన్నారు. కరీంనగరు, వరంగల్లు, పాలమూరు వైపు నుండి తాతల కాలములో మగ్గము పనికి వచ్చిన మన తెలుగువారు చాలమంది. బీడీ కార్డు స్త్రీ పేరనే ఉన్నది, పింఛను స్త్రీ పేరనే ఉన్నది, బ్యాంకు ఖాతా కూడ ఆమె పేరనే ఉన్నది. ఖాతాకు తాళపుచెవి వంటి పిన్ నంబరు మాత్రము ఇంకొకరి దగ్గర ఉన్నది. కొంతకాలము అది మా దగ్గర ఉండెను.

మేము టీచరు ట్రైనింగు ముగించి వచ్చిన కొత్తలో, అనగా 1980ల మాట, ఆదివారము సాయంత్రము మా అరుగు మీద ఇన్‌లాండ్ ఉత్తరములతో నలుగురైదుగురు కూర్చునేవారు. చదివి వినిపించి, జవాబు వ్రాసి, మనిఆర్డరు ఫారము నింపి ఇచ్చేవారము. అందులో సంతోషము ఉండినది. దాచనేల, కొంచెము గర్వము కూడ ఉండినది. అల్లుడు బిడ్డను కొట్టిన సంగతి, పొలము తాకట్టు పెట్టిన సంగతి ఆ తల్లి కంటె ముందు మాకే తెలిసేది. ఇతరుల గుట్టు మా చేతికి వచ్చుచున్నదని అప్పుడు ఆలోచించలేదు. ఉత్తరము చదివినంత మాత్రాన ఎవరి సొమ్మూ పోలేదు గదా.

ఫోను వచ్చిన తరువాత ఆ అరుగే మళ్లీ నిండినది. గ్యాసు బుక్ చేయుట, బీడీ పింఛనుకు బ్రతికి ఉన్నామని ఏటేటా ఇవ్వవలసిన జీవన్ ప్రమాణ్, 2021లో మొదలైన ఈ-శ్రమ్ కార్డు, 2024లో వచ్చిన లాడ్కీ బహీణ్ 1,500 రూపాయలు, ఆ పైన 2025లో దానికి తప్పనిసరి చేసిన ఈ-కేవైసీ. ఏడుగురు విధవరాండ్ర పిన్ నంబర్లు ఒక చిన్న నోటుబుక్కులో వ్రాసి మా బీరువాలో పెట్టినాము. అరుగు దాకా నడువలేని వారికి ఇంటి నుండియే పని చేసి పెట్టేవారము. ఫోను చేసి, “ఏమమ్మా, నంబరు వచ్చినదా? చెప్పు” అనేవారము. చెప్పేవారు. పని అయిపోయేది.

వారిలో ఒక సహోదరి, ముప్పది ఏండ్లుగా బీడీలు చేయుచున్న మనిషి. మేము కంటి ఆపరేషనుకు పోయిన వారములో ఆమెకు ఒక ఫోను వచ్చినది. మర్యాదగా మరాఠీలో మాట్లాడినాడట. ఖాతా మూత పడుతుంది, కేవైసీ చేయవలెను అన్నాడట. కార్డు మీది అంకెలు అడిగితే చదివినది. తరువాత ఫోనుకు వచ్చిన ఆరు అంకెలు అడిగితే అవి కూడ చదివినది. మూడు మార్లు వచ్చినవి, మూడు మార్లు చెప్పినది. కూతురి కాన్పుకని దాచిన 14 వేల చిల్లర పోయినది. సైబరు మోసముల ఫిర్యాదుకు 1930 నంబరు ఉన్నదని ఆ ఇంట ఎవరికీ తెలియదు. మేము వచ్చి ఫోను చేసేసరికి నాలుగు దినములు దాటినవి. డబ్బు చేతులు మారక ముందే, గంటలలోనే చెప్పితే ఆపుటకు వీలుండును.

“ఎవరో తెలియని వానికి ఎట్లా చెప్పినావమ్మా?” అని కోపముతోనే అడిగినాము. ఆమె తల వంచుకొని, “మీకు చెప్పినట్టే చెప్పిన సారూ” అన్నది.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. నంబరు వచ్చినప్పుడు అడిగిన వారికి చెప్పవలెనని ఆమెకు నేర్పినది ఎవరు? దొంగ ఒక్క దినములో నేర్పలేదు. మేమే రెండేండ్లు నేర్పినాము, ప్రేమతో నేర్పినాము. వాడు వచ్చి మా పాఠమును వాడుకొన్నాడు.

అప్పటినుండి మమ్ములను తొలుచుచున్న ప్రశ్న ఇది. తెలియని వాని పని చేసి పెట్టుట ప్రేమయా, నేర్పుట ప్రేమయా? చేసి పెట్టుట సులువు. రెండు నిమిషములలో అయిపోవును, దీవెన దొరుకును. నేర్పుటకు రెండు నెలలు పట్టును, విసుగు పుట్టును, చివరికి వారు మన అరుగునకు రావడము మానుదురు. ఈ చివరి మాట దగ్గరే మా మనస్సు జంకినదని ఇప్పుడు ఒప్పుకొనుచున్నాము.

ముసలివారికి ఇప్పుడేమి వచ్చును అని మీరు అనవచ్చును. మేమూ అన్నాము. తునికాకు రాపిడికి వ్రేళ్ల గీతలు అరిగి వేలిముద్ర పడని వారు ఉన్నారు. చూపు ఆనని వారు ఉన్నారు. వచ్చే మెసేజి ఇంగ్లీషులో, లేదా మరాఠీలో ఉండును. మనవడు మరాఠీ బడికి పోవును, తెలుగు మాట్లాడును గాని చదువడు. ఇవన్నియు నిజమే. పాతికేసి లెక్కబెట్టి కట్ట కట్టి, నలుబది కట్టలకు వెయ్యి అని తప్పు లేకుండ కంపెనీకి అప్పగించే స్త్రీకి ఆరు అంకెలు ఒక లెక్కా? అదే స్త్రీ ఫోనులో నోటితో చెప్పి పాట వెదుకుచున్నది, ఊరిలోని చెల్లెలికి మాటను రికార్డు చేసి పంపుచున్నది. ఇవి ఎవరు నేర్పినారు? ఇష్టమైనది తనంతట వచ్చినది.

ప్రభుత్వము కూడ నేర్పవలెననియే తలచినది. ప్రధానమంత్రి గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్ అని 2017లో మొదలు పెట్టి, 6 కోట్ల గ్రామీణ కుటుంబములకు, ఇంటికి ఒకరికి నేర్పుట లక్ష్యమన్నారు. 2024 మార్చి 31తో అది ముగిసినది. వయస్సు 14 మొదలు 60 వరకు. ఇంటికి ఒకరు అంటే ఎవరు? మనవడే. అవ్వ ఎప్పటివలెనే వాని చేయి చూడవలెను. కేరళలో దారి వేరుగా నడిచినది. రాష్ట్రమంతటికిని డిజిటల్ అక్షరాస్యత వచ్చినదని 2025 ఆగస్టు 21న ప్రకటించిరి. నేర్చుకొన్న వారిలో నూరేండ్లు దాటిన వృద్ధుడొకరు ఉన్నారు.

ఒక మాట మాత్రము గట్టిగా చెప్పవలెను. ఫోను తెలియనందుకు ఎవరి పింఛనూ ఆగకూడదు. ముద్ర పడని వ్రేలికి వేరే మార్గము చూపవలసినది ఆఫీసువారే గాని ఆ ముసలామె కాదు. నేర్చుకొమ్మని మనము చెప్పుచుండగా వారి బాధ్యత తప్పిపోదు.

చదువు వలన ఏమి వచ్చునో ట్రైనింగులో మాకు చాల వ్రాయించినారు. అయితే మేము నిజముగా గ్రహించినది నెల్లూరు సంగతి వినినప్పుడే. 1990ల మొదట అక్కడ అక్షరాస్యత ఉద్యమములో రాత్రి పాఠములకు కూర్చున్న స్త్రీలు, పాఠములోని కథ తమ ఇంటి కథే అని తెలిసికొని, 1992లో దూబగుంటలో సారా అంగడి మూయించినారు. మరుసటి ఏడు అక్టోబరులో రాష్ట్రమంతట సారా నిషేధము వచ్చినది. సంతకము చేయుట వారికి చిన్న సంగతి అయినది. వద్దు అనుట వచ్చినది. ఫోను విద్యలో కూడ బటను నొక్కుట చివరి పాఠము, వద్దు అనుట మొదటి పాఠమని మాకు తోచుచున్నది. డబ్బు రావలెనంటే పిన్ అక్కరలేదు, పోవునప్పుడే పిన్ కావలెను. ఈ ఒక్క ముక్క తెలిసినా ఎంతో మేలు.

మేము నోటుబుక్కు తెచ్చి ఎవరి కాగితము వారి ముందు చించి ఇచ్చివేసినాము. ఇక మీ నంబరు మీరే మార్చుకొనండి, మేము ఆవలికి తిరిగి కూర్చుందుము అన్నాము. ఇద్దరు అలిగినారు. “సారుకు మా పని బరువైంది” అని ఒకామె వాడలో చెప్పినదట. శనివారము సాయంత్రము బీడీలు అప్పగించి వచ్చిన తరువాత ఒక గంట కూర్చొనుచున్నాము. మెల్లగా సాగుచున్నది. ఒకామెకు నాలుగు వారములైనా తాళము తీయుట రాలేదు. ఇంకొకామె మాకే తెలియని సంగతి ఒకటి చూపినది.

డబ్బు పోయిన సహోదరి మొదట రాలేదు. సిగ్గుపడినది. మూడవ నెలలో వచ్చినది. పోయిన శనివారము గ్యాసు బుక్ చేయుచుండగా ఆమె ఫోనుకు నంబరు వచ్చినది. ప్రక్కనే ఉన్న మేము, పరీక్షింపవలెనని కొంత, పాత అలవాటున కొంత, “ఏమి వచ్చినదమ్మా, చెప్పు” అన్నాము. ఆమె ఫోనును ఒడిలో బోర్లించి చేయి అడ్డము పెట్టినది.

“మీకు గూడ చెప్ప సారూ” అన్నది.

అందరు నవ్వినారు. మేమూ నవ్వినాము గాని, మనస్సు చివుక్కుమన్న మాట నిజమే.