వరసలో ముందు చోటు

పోయిన నెలలో ఓ రాత్రి పదకొండింటికి మా బాబాయి కొడుకు ఫోన్ చేసి, "అన్నయ్యా, టైప్ రేటింగ్ చేసేయమంటావా?" అన్నాడు. వాడి చేతిలో కమర్షియల్ పైలట్ లైసెన్స్ పడి రెండేళ్లయింది. ఉద్యోగం లేదు. ఆ లైసెన్స్ కోసం తెనాలి దగ్గర ఎకరంన్నర పొలం అమ్మేశారు. ఇక మిగిలింది ఇల్లు. దాని కాగితాలు బ్యాంకులో పెట్టడానికి బాబాయి సిద్ధంగానే ఉన్నాడు. పిన్ని మాత్రం "పెద్దాణ్ణి ఒక్కమాట అడగరా" అందట. ఆ పెద్దాణ్ణి నేనే. నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని. విమానంతో నా పరిచయం కిటికీ సీటు దాకానే.

వాడికి వెంటనే జవాబు చెప్పలేకపోయాను. అప్పట్నుంచీ చదువుతూ, వాడినే అడిగి తెలుసుకుంటూ ఆలోచించింది ఇక్కడ రాస్తున్నాను.

మన దేశంలో కమర్షియల్ లైసెన్స్ రావాలంటే 200 గంటలు విమానం నడిపి ఉండాలి. ఆ గంటల్లో ఎక్కువ భాగం సెస్నా 172 లాంటి చిన్న విమానాల మీదే గడుస్తుంది. సెస్నా మామూలుగా ఎగిరే వేగం గంటకి సుమారు 220 కిలోమీటర్లు. ఎయిర్‌బస్ ఎ320 రన్‌వే మీదకి దిగడానికి వచ్చే వేగం సాధారణంగా అంతకంటే ఎక్కువే. అంటే వీడు ఇన్నాళ్లూ ఎగిరిన వేగం కంటే జెట్ దిగే వేగం ఎక్కువ. పైగా జెట్‌లో ఇద్దరు పని పంచుకోవాలి. ఒకరు నడుపుతుంటే రెండోవాళ్లు గమనిస్తూ, చెక్‌లిస్ట్ చదువుతూ, తప్పు కనబడితే పక్కనున్నది ఎంత సీనియరైనా నోరు తెరిచి చెప్పాలి. కాబట్టి ఈ రెండింటి మధ్యా శిక్షణ కావాలా అనేదాంట్లో పేచీ లేదు.

ఒక్కో రకం జెట్‌కి విడిగా సంపాదించాల్సిన అర్హతే టైప్ రేటింగ్. ఎ320 కోసం చేసింది బోయింగ్ 737 మీద చెల్లదు. అది లేకుండా ఆ విమానం నడపకూడదు. కానీ ఆ శిక్షణ ఉద్యోగంలోకి తీసుకున్నాక కంపెనీ ఇప్పించవచ్చు, లేదా ఉద్యోగం రాకముందే మన డబ్బుతో మనమే చేసి పెట్టుకోవచ్చు. గొడవంతా ఆ "ముందే" అన్నమాట దగ్గరే. మా వాడికి చెప్పిన ఫీజు 18 లక్షలు.

ఉపయోగపడుతుందా? ఈ ఒక్క ప్రశ్నలో మూడు ప్రశ్నలున్నాయని నాకు మెల్లగా అర్థమైంది.

మొదటిది: పని బాగా వస్తుందా? వస్తుంది. సిమ్యులేటర్‌లో ఇంజన్ ఆగిపోతే ఏం చెయ్యాలో పదిసార్లు చేసినవాడికీ, పుస్తకంలో చదివినవాడికీ తేడా ఉండకుండా ఎలా ఉంటుంది? కాకపోతే ఆ నైపుణ్యం ఫ్రిజ్‌లో పెట్టుకుని దాచుకునేది కాదు. నడపకపోతే మరుపొస్తుంది. ఎప్పటికప్పుడు మళ్లీ సిమ్యులేటర్ ఎక్కి పరీక్ష నెగ్గాలి. నిరుద్యోగికి ఆ ఖర్చు కూడా తనదే.

రెండోది: ఎంపిక చేసేవాళ్లకి నా గురించి ఏమైనా చెబుతుందా? మైకేల్ స్పెన్స్ అనే ఆర్థికవేత్త 1973లో ఉద్యోగాల బజారు గురించి ఒక వ్యాసం రాశాడు. చదువు మనిషికి ఏమీ నేర్పకపోయినా సరే, సమర్థులకి సులువుగానూ అసమర్థులకి కష్టంగానూ ఉంటే చాలు, అది సమర్థతకి గుర్తుగా పనికొస్తుందన్నది అందులో వాదన. టైప్ రేటింగ్ పరీక్ష నెగ్గడం కష్టమే, డబ్బు కట్టినంత మాత్రాన పాస్ చెయ్యరు. కానీ ఆ పరీక్ష దాకా వెళ్లడమే అసలు కష్టం. అక్కడ వడపోసేది చేతివాటాన్నో బుర్రనో కాదు, బ్యాంకులో పెట్టడానికి ఇల్లుందా లేదా అన్నదాన్ని. రెజ్యూమెలో టైప్ రేటింగ్ అన్న లైను చూసినవాళ్లకి, మా వాడి సామర్థ్యంతో పాటు మా బాబాయి ఆస్తి కూడా కనబడుతుంది. ఆ లైను లేని కుర్రాడి గురించి మాత్రం ఏమీ తెలియదు. బాగా నడపగలిగి కూడా కట్టలేకపోయాడేమో.

మూడోది: వరసలో ముందుకి వెళ్తానా? అందరూ నిజంగా అడిగేది ఇదే. దీనికి జవాబు ఒక్కడికైతే అవును, అందరికీ కలిపితే కాదు.

వంద ఖాళీలకి మూడొందలమంది వచ్చారనుకుందాం. వాళ్లలో యాభైమంది టైప్ రేటింగ్ చేశారు. మొదట తీసుకునేది వాళ్లనే. కంపెనీకి సమయమూ ఖర్చూ మిగులుతాయి మరి. అది చూసి మరుసటేడు మూడొందలమందీ చేస్తారు. ఖాళీలు వందే. పోయినేడు ముందు చోటు ఇప్పించింది ఈ ఏడు గేటు దగ్గర టికెట్ అయిపోయింది. రెండొందలమంది పోయినసారిలాగే ఇంటికెళ్తారు, ఈసారి అప్పుతో. రేటింగులు పెరిగినంత మాత్రాన కాక్‌పిట్‌లో సీట్లు పెరగవు. సీట్లు పెరిగేది విమానాలొస్తే. 2023లో ఎయిర్ ఇండియా 470, ఇండిగో 500 విమానాలకి ఆర్డర్లు ప్రకటించాయి. ఆ అంకెలు చూసే మా బాబాయికి ధైర్యం. కానీ ఆర్డర్ చేసిన విమానాలు ఏళ్ల తరబడి కొన్ని కొన్నిగా వస్తాయి. ఈఎమ్ఐ ప్రతి నెలా వస్తుంది.

ఇది నాకు కొత్త కథ కాదు. ఇంజనీరింగ్ అయ్యాక నేనూ అమీర్‌పేటలో ఒక కోర్సు చేశాను. ఆ గల్లీల్లో గోడ కనబడకుండా ఫ్లెక్సీలు, ఫ్లెక్సీల మీద ఉద్యోగాలొచ్చినవాళ్ల ఫొటోలు. రానివాళ్ల ఫొటోలు ఎవరు పెడతారు? నాకు ఉద్యోగమొచ్చింది. ఇంటర్వ్యూలో ఆ కోర్సు గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. అది లేకపోతే ఇంటర్వ్యూకే పిలిచేవారు కాదేమో, అదీ చెప్పలేను. "కోర్సు చేశాను, ఉద్యోగమొచ్చింది" అన్న రెండు మాటల మధ్య "అందుకే" అన్నది మనం పెట్టుకునేదే. అయితే నేను కట్టింది కొన్ని వేలు. తప్పితే ఒక పాఠం అనుకుని ఊరుకునేవాణ్ణి. 18 లక్షలు పాఠం కాదు, ఇల్లు.

పందెం ఎటు తిరుగుతుందో కట్టేవాడి చేతిలో ఉండదు కూడా. 2019 మార్చిలో బోయింగ్ 737 మ్యాక్స్ విమానాలని ప్రపంచమంతా నేల మీద నిలబెట్టేశారు. ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయింది. అంతకు కొన్ని నెలల ముందే సొంత డబ్బుతో 737 రేటింగ్ చేసినవాడి పరిస్థితి ఊహించండి. వేల గంటలు అదే విమానం నడిపినవాళ్లు అదే వరసలోకి వచ్చి నిలబడ్డారు. మరుసటేడు మార్చిలో కోవిడ్ వచ్చి దేశంలో ప్రయాణికుల విమానాలు రెండు నెలలు ఎగరనేలేదు. వీటిలో ఏ ఒక్కటీ ఆ కుర్రాడి తప్పు కాదు. నష్టం మాత్రం వాడిదే.

కంపెనీల వైపు కూడా మాట్లాడాలి. గ్యారీ బెకర్ 1964లో చెప్పినదాని ప్రకారం, ఎక్కడికైనా పట్టుకుపోగలిగే నైపుణ్యానికి ఖర్చు నేర్చుకునేవాడే పెట్టుకోవడం సహజం. నేను నేర్పిస్తే రేపు ఎదుటి కంపెనీకి పోతాడు, నేనెందుకు పెట్టాలి? న్యాయమైన భయమే. కానీ మన దగ్గర ఆ భయానికి మందు లేకపోలేదు. 2017 నిబంధనల్లో కో-పైలట్‌కి ఆరు నెలలు, కమాండర్‌కి ఏడాది నోటీసు పెట్టారు. వెళ్లకుండా కట్టేసే తాడు కంపెనీ చేతిలో పెట్టి, శిక్షణ ఖర్చూ కుర్రాడినే పెట్టుకోమంటే బెకర్ లెక్క కూడా కుదరదు.

ఇంకెక్కడా ఇలా లేదా అంటే, ఉంది, వేరుగానూ ఉంది. యూరప్‌లో రయాన్ఎయిర్ చాలాకాలం కొత్తవాళ్ల దగ్గర రేటింగ్‌కి డబ్బులు తీసుకుంది. అమెరికాలో 2013 నుంచి ఎయిర్‌లైన్ కో-పైలట్‌కి, కొన్ని మినహాయింపులతో, 1500 గంటలుండాలి. ఆ గంటలు చాలామంది చిన్న విమానాల మీద పాఠాలు చెప్పి, జీతం తీసుకుంటూ పూర్తి చేస్తారు. ఉద్యోగంలో చేరాక టైప్ రేటింగ్ సాధారణంగా కంపెనీ ఖర్చే. ఆ పద్ధతిలోనూ కష్టాలున్నాయి. కానీ ఎవరి జేబు ఖాళీ అవ్వాలన్నది ప్రకృతి ధర్మం కాదని, ఎవరో కూర్చుని పెట్టుకున్న ఏర్పాటేనని తెలియడానికి ఈ తేడా చాలు.

నన్ను ఇబ్బంది పెట్టింది ఇంకొకటుంది. ఉద్యోగంలో చేరినప్పుడు నాకు మూడు నెలలు జీతమిచ్చి మరీ పని నేర్పారు. బదులుగా రెండేళ్ల బాండ్ రాయించుకున్నారు. అప్పట్లో ఆ బాండ్‌ని తెగ తిట్టుకున్నాను. అవతల నా మీద ఒక కంపెనీ పందెం కాసిందని అప్పుడు తోచలేదు. మా తమ్ముడి మీద పందెం కాస్తున్నది వాళ్ల నాన్న ఒక్కడే. ఓడితే పోయేదీ ఆయన ఇల్లే.

ఆదివారం వాడికి ఫోన్ చేశాను. "ఒరేయ్, ఇది తప్పు ఏర్పాటు అని నాకు గట్టిగా అనిపిస్తోంది. కానీ నువ్వు ఒక్కడివీ కట్టకపోతే ఆ ఏర్పాటు మారదు, నీ వెనకవాడు నీ ముందుకొస్తాడు, అంతే. అందుకని నీకు నీతి చెప్పను" అన్నాను. రేటింగ్ అడగకుండా పెట్టే ఎంపిక పరీక్షలు వచ్చినవన్నీ ముందు రాయమన్నాను. ఏ విమానం రేటింగో ఇన్‌స్టిట్యూట్ వాడి మాట మీద కాక, ఆ నెలలో ఎవరు ఏ విమానానికి పిలుస్తున్నారో చూసి తేల్చుకోమన్నాను. ఇల్లు మాత్రం పెట్టొద్దన్నాను. అది పెడితే ఓటమి ఒక్కడిది కాదు, ముగ్గురిది.

వాడు కాసేపు మాట్లాడలేదు. "ఇల్లు పెట్టకుండా 18 లక్షలు ఎక్కడ్నుంచి వస్తాయన్నయ్యా?" అన్నాడు.

నా దగ్గర కొంత ఉంది. పూర్తిగా లేదు. ఉన్నంత ఇస్తాననే మాట నోటిదాకా వచ్చి ఆగింది. ఇంత ఆలోచించి, అందరికీ కలిపితే దండగని లెక్కేసి మరీ చెప్పినవాణ్ణి, మా వాడి వరకు వచ్చేసరికి ఆ ముందు చోటు కొనిపెట్టడానికే చూస్తున్నాను. ఫోన్ పెట్టేశాక మా ఆవిడతో ఆ మాటే అన్నాను. "అందరూ అలాగే కదా కొనేది" అంది. ఇంకా ఏమీ తేల్చుకోలేదు. వచ్చే నెలలో వాడికి ఒక ఎంపిక పరీక్ష ఉంది.