బతికి బట్టకట్టినవాళ్ల పండుగ

మా చాళ్లలో "టాటా" అంటే ఉప్పు కాదు, మోటారు కాదు. "వాళ్ల అత్త టాటాకు పోతున్నదంట" అని ఎవరన్నా అంటే విన్నవాళ్లు వెంటనే గొంతు తగ్గిస్తారు. రోగం పేరు పలకాల్సిన పని లేదు, ఆసుపత్రి పేరే సరిపోతుంది. పరేల్‌లోని టాటా మెమోరియల్ ఆసుపత్రి మా దాదర్, నాయ్‌గావ్ చాళ్ల నుంచి నడిచిపోయేంత దూరం. కామాఠీపుర నుంచైతే ఒక్క బస్సు. దేశం నలుమూలల నుంచి రోగులు రైలెక్కి దాదర్‌లో దిగుతారు. గాడ్గే మహారాజ్ ధర్మశాలలో చోటు దొరికినవాళ్లు అదృష్టవంతులు, దొరకనివాళ్లు ఫుట్‌పాత్ మీద పడుకుంటారు. మనం స్కూలుకు పోయే దారిలో వాళ్లను దాటుకునే పోతాం. చేతిలో ప్లాస్టిక్ సంచి, సంచిలో పెద్ద ఫైలు, తల మీద స్కార్ఫు.

అదే ఆసుపత్రికి ఐదేళ్లయినా, పదేళ్లయినా, ఇరవై ఏళ్లయినా పరీక్ష కోసం వచ్చే ఆడవాళ్లు ఉన్నారు. రొమ్ము క్యాన్సర్ వచ్చి, ఆపరేషన్ అయి, మందు ఎక్కించుకొని, కరెంటు పెట్టించుకొని మళ్లీ ఇంటి పనిలో పడినవాళ్లు. వాళ్లలో కొందరు "నాకు పదేళ్లు నిండాయి" అని మిఠాయి పంచుతారు, కొత్తగా వచ్చినవాళ్ల పక్కన కూర్చుని ధైర్యం చెబుతారు. నా ప్రశ్న వీళ్ల గురించే. పక్క మంచం మీది మనిషి బతకని చోట, బతికిన మనిషి పండుగ చేసుకోవడం న్యాయమేనా? ధైర్యం చెప్పే హక్కు ఆమెకు ఎక్కడి నుంచి వచ్చింది?

ఈ ప్రశ్న నేను ఊరికే పుట్టించింది కాదు. మా పెద్దమ్మకు పదేళ్లు నిండినప్పుడు మా అన్నలు కేక్ తెస్తామన్నారు. మా బాపు వద్దన్నాడు. "దిష్టి తగుల్తది, చెప్పుకునే ముచ్చటనా ఇది" అన్నాడు. దిష్టి మాట నేను పెద్దగా పట్టించుకోలేదు గానీ పెద్దమ్మ అన్నమాట మాత్రం పట్టుకుంది. "నాతోని మందు ఎక్కించుకున్నోళ్లం నలుగురం. ఇప్పుడు నేనొక్కదాన్నే ఉన్న. ఏ మొఖం పెట్టుకొని కేక్ కొయ్యాలె బిడ్డా?" దిష్టికైతే నా దగ్గర జవాబు ఉంది. దీనికి లేదు. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందుగా ఒక మాట సంగతి చూద్దాం. పేపర్లలో "క్యాన్సర్‌తో పోరాడి గెలిచింది" అని రాస్తారు. చనిపోతే "పోరాడి ఓడింది" అంటారు. గెలిచినామె ధైర్యవంతురాలు అయితే ఓడినామె ఎవరు? పిరికిదా? పెద్దమ్మ చెప్పిన నలుగురిలో అందరికంటే ధైర్యంగా ఉన్నది చనిపోయిన ఒకామేనట. మందు ఎక్కించుకుంటూ పక్కవాళ్లను నవ్వించేదట. రోగం ధైర్యం చూసి వదిలిపెట్టదు. గడ్డ ఏ రకం, ఎంత పెరిగాక బయటపడింది, చంకలోని గ్రంథులకు పాకిందా, ఏ మందు పనిచేసింది, మందు చివరిదాకా అందిందా అనేవే ఎక్కువగా తేలుస్తాయి. సూసన్ సొంటాగ్ అనే అమెరికా రచయిత్రి తనకు రొమ్ము క్యాన్సర్ వచ్చాక 1978లో ఒక పుస్తకం రాసింది. రోగాన్ని యుద్ధంగా, మనిషి స్వభావానికి పడ్డ శిక్షగా మాట్లాడటం రోగికి ఇంకో బరువు అవుతుందని ఆమె వాదన. నాకు అది సబబే అనిపిస్తుంది.

మన భాషలో అంతకంటే మంచి మాట ముందే ఉంది. "బతికి బట్టకట్టింది" అంటాం. ఇందులో ఎవరినీ ఓడించడం లేదు. "గండం గడిచింది" అంటాం. గండాన్ని గెలిచామని ఎవరూ అనరు, అది గడిచిపోయింది, అంతే. ఇట్లా చెప్పుకుంటే బతికినామె గొప్ప, పోయినామె తక్కువ అనే అర్థం రాదు.

ఇక పండుగ సంగతి. ఏళ్లు లెక్కపెట్టి సంబరం చేసుకోవడం మనకు కొత్తేమీ కాదు. అరవై నిండితే షష్టిపూర్తి చేస్తాం. ఆ వయసును ఒక గండంగా పెద్దలు భావించారు కాబట్టే దానికి శాంతి కూడా చేస్తారు. పీటల మీద కూర్చున్న తాతను "నీ దోస్తు యాభైకే పోయాడు కదా, నీకు దండలెందుకు?" అని ఎవరైనా అడుగుతారా? అడగరు. మరి పెద్దమ్మ తనను తాను ఎందుకు అడుగుతోంది? షష్టిపూర్తి పందిట్లో ఉన్నవాళ్లంతా బంధువులే, ఆనందమే. ఆసుపత్రి వరండాలో అట్లా కాదు. అక్కడ ఎదురుగా నిన్ననే రిపోర్టు అందుకున్నామె కూర్చుని ఉంటుంది. మన మిఠాయి ఆమె చేతికి కూడా వస్తుంది. ఆమెకు అది ఆశ కావచ్చు, గాయం కూడా కావచ్చు.

ఇంకో చిక్కు ఉంది. ఐదేళ్లు దాటితే పూర్తిగా పోయినట్టే అని మనవాళ్లు అనుకుంటారు. రొమ్ము క్యాన్సర్ విషయంలో అది సగం నిజమే. కొన్ని రకాలు పది, పదిహేనేళ్ల తర్వాత కూడా తిరిగి రావచ్చు. అందుకే కొందరికి టామాక్సిఫెన్ లాంటి మాత్రలు ఐదేళ్లు, ఒక్కోసారి పదేళ్లు వాడమంటారు. కాబట్టి పదేళ్ల పండుగ అంటే "ఇక భయం లేదు" అని చాటింపు కాదు. ఇప్పటిదాకా ఉన్నాను అని మాత్రమే.

ఆ చిన్న మాటకు ఎంత విలువ ఉందో తెలియాలంటే వెనక్కి పోవాలి. ఫానీ బర్నీ అనే ఇంగ్లీషు రచయిత్రికి 1811 సెప్టెంబరు 30న పారిస్‌లో రొమ్ము తీసేశారు. నెపోలియన్ సైన్యానికి వైద్యుడైన లారే కత్తి పట్టాడు. అప్పటికి మత్తుమందు లేదు. ఆమెకు తెలివి ఉండగానే కోశారు. ఆ సంగతంతా తర్వాత తన అక్కకు ఉత్తరంగా రాసింది. ఆ ఉత్తరం రాయడానికి నెలలు పట్టింది, రాసినదాన్ని తిరిగి చదువుకునే ధైర్యం కూడా చాలలేదు. ఆ తర్వాత ఆమె ఇంకా 28 ఏళ్లు బతికింది. 1840లో పోయింది. ఆ ఉత్తరంలో ఓదార్పు లేదు, ఉన్నదున్నట్టు ఉంది. అయినా రెండు వందల ఏళ్ల తర్వాత కూడా జనం దాన్ని చదువుతున్నారు.

1952లో న్యూయార్క్‌లో టెరీస్ లాసర్ అనే ఆమెకు ఇదే ఆపరేషన్ జరిగింది. చెయ్యి ఎట్లా లేపాలి, బట్టలు ఎట్లా వేసుకోవాలి అని చెప్పేవాళ్లు ఎవరూ లేరు. ఆమె సొంతంగా నేర్చుకొని, కొత్తగా ఆపరేషన్ అయినవాళ్ల మంచాల దగ్గరికి పోయి చెప్పడం మొదలుపెట్టింది. కొందరు డాక్టర్లకు అది నచ్చలేదు, వార్డులోకి రానివ్వలేదు. చివరికి ఆమె పని "రీచ్ టు రికవరీ" అనే పేరుతో చాలా దేశాలకు పోయింది. ఈమె చెప్పింది ఉత్త ధైర్యం కాదు, పనికొచ్చే మాటలు.

ఇక్కడే నాకు ఒక తేడా కనిపించింది. "నాకు తగ్గింది" అనడం సాక్ష్యం. "నీకూ తగ్గుతుంది" అనడం హామీ. మొదటిది చెప్పే హక్కు బతికిన ప్రతి మనిషికీ ఉంది. రెండోది డాక్టరుకు కూడా లేదు. మా పెద్దమ్మకు ఈ తేడా ఎవరూ నేర్పలేదు గానీ ఆమె ఎప్పుడూ దాటలేదు. ఎవరన్నా కొత్తవాళ్లు వస్తే ఆమె చెప్పేవి ఇట్లా ఉంటాయి: "ముందట బొత్తాలున్న జాకెట్టు కుట్టించుకో, చెయ్యి పైకి లేవదు. ఆపరేషన్ అయిన దిక్కు చేతికి సూది ఏపిచ్చుకోకు, బీపీ పట్టి కూడా కట్టనియ్యకు. నీళ్ల బిందె ఆ చేత్తోని ఎత్తకు, వాస్తది. ఎంటికలు పోతయ్, మళ్ల వస్తయ్, నాయి రింగులు రింగులు వచ్చినయ్." చంకలోని గ్రంథులు తీసేసిన చెయ్యి వాచే ప్రమాదం ఏళ్ల తరబడి ఉంటుంది. అందుకే సద్దుల బతుకమ్మ నాడు కూడా మా పెద్దమ్మ చిన్న బతుకమ్మనే పేర్చుకుంటుంది. ఎందుకంత చిన్నది అని మొదట్లో అడిగేవాళ్లు, ఇప్పుడు అడగరు.

అసలు అడగకుండా ఉండటం మన దగ్గర ఎక్కువైంది. మరమగ్గాల మీద, మిల్లుల్లో పనికోసం పాలమూరు, కరీంనగర్, నల్గొండ నుంచి వచ్చిన మన కుటుంబాలు ఒక్క ఖోలీలో ఆరుగురు, ఎనిమిదిమంది బతికినవి. గోడ పక్క గోడ. అక్కడ ఏ ముచ్చటా దాగదు. ఈ ఒక్కటి మాత్రం దాస్తారు. ఎందుకంటే ఆడపిల్లల పెళ్లిళ్లు. తల్లికి ఉందంటే కూతురికి సంబంధం రాదని భయం. నిజానికి రొమ్ము క్యాన్సర్లలో వంశపారంపర్య జన్యువు వల్ల వచ్చేవి నూటికి ఐదు నుంచి పది మాత్రమే. అంటువ్యాధి అసలే కాదు, కంచం గ్లాసు వేరు పెట్టాల్సిన పని లేదు. ఆ ఐదో పదో కుటుంబాల్లో కూడా దాచడం కంటే చెప్పడమే బిడ్డకు మేలు. తెలుగు సినిమా నటి హంసానందిని 2021లో తన రోగం గురించి అందరికీ చెప్పినప్పుడు, తన తల్లి కూడా ఇదే రోగంతో పోయిందని చెప్పింది. తనది జన్యువు వల్ల వచ్చిందని కూడా దాచలేదు. నటి గౌతమికి 35 ఏళ్ల వయసులో వచ్చింది. గడ్డను ఆమే గుర్తించింది. తర్వాత ఇతర రోగుల కోసం ఒక సంస్థ పెట్టింది. 1974లో అమెరికా అధ్యక్షుడి భార్య బెట్టీ ఫోర్డ్ తన ఆపరేషన్ సంగతి దాచకుండా చెప్పాక అక్కడ పరీక్షలకు పోయే ఆడవాళ్ల సంఖ్య ఒక్కసారిగా పెరిగింది. ఆమె 2011 దాకా ఉంది.

"వాళ్లు సినిమావాళ్లు, దొరసానులు, వాళ్లకేం" అని మా అమ్మ అంది. నిజమే. అందుకే మన చాళ్‌లో మన మనిషి చెప్పడం ముఖ్యం అంటాను. గడ్డను చూసుకొని నొప్పి లేదు కదా అని ఆరు నెలలు కొంగు కింద దాచుకున్న ఆమెకు గౌతమి దూరం. మా పెద్దమ్మ నల్లా దగ్గరే దొరుకుతుంది.

పోయినవాళ్ల మాటకు వస్తాను, పెద్దమ్మ అడిగింది అదే కదా. టాటా ఆసుపత్రి అసలు పేరులో "మెమోరియల్" అని ఉంది. అంటే స్మారకం. మనం ఆ మాటను పలకం, మింగేస్తాం. లేడీ మెహెర్‌బాయి టాటా రక్త క్యాన్సర్‌తో 1931లో పోయింది. ఆమె భర్త దొరాబ్‌జీ మరుసటి ఏడు పోయాడు. ఆయన ఆస్తితో నడిచే ట్రస్టు 1941 ఫిబ్రవరి 28న ఈ ఆసుపత్రిని తెరిచింది. హైదరాబాదులోని బసవతారకం ఆసుపత్రి కూడా క్యాన్సర్‌తో పోయిన ఎన్.టి. రామారావు గారి భార్య పేరు మీదిదే. అంటే మన పెద్దమ్మలు బతికింది బతకనివాళ్ల పేరున్న ఇళ్లలో. మందులు కూడా అంతే. ఏ మందు పనిచేస్తుందో, ఏది చెయ్యదో ఎందరి మీదో చూసి తెలుసుకున్నారు.

మన ముంబైలోనే ఒక పెద్ద ఉదాహరణ ఉంది. 1998లో టాటా డాక్టర్లు ఇక్కడి బస్తీల్లో 35 నుంచి 64 ఏళ్ల మధ్య ఉన్న సుమారు లక్షన్నర మంది ఆడవాళ్లతో ఒక అధ్యయనం మొదలుపెట్టారు. సగం మందిని శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో పరీక్షించారు. మిగతా సగానికి రోగం గురించి అవగాహన మాత్రమే కల్పించారు. ఇరవై ఏళ్లు చూశారు. 2021లో ఫలితం వచ్చింది: 50 దాటినవాళ్లలో, చేత్తో పరీక్షించిన వైపు రొమ్ము క్యాన్సర్ చావులు దాదాపు 30 శాతం తక్కువ. యాభై లోపు వాళ్లలో అంత లాభం కనిపించలేదు. పెద్ద మిషను లేకుండా, శిక్షణ పొందిన చెయ్యి ఇంత పని చేస్తుందని ప్రపంచానికి చెప్పింది మన బస్తీల ఆడవాళ్లు. పరీక్ష జరగని ఆ సగం మంది కూడా చెప్పారు, వాళ్లు లేకుంటే పోల్చడానికి ఏమీ ఉండేది కాదు. (వాళ్లను పరీక్షించకుండా ఉంచడం న్యాయమా అని మా సార్‌ను అడిగాను. దాని మీద ఇంకో వ్యాసం రాయమన్నారు.)

ఇదంతా పెద్దమ్మకు చెప్పాను. "నువ్వు ఒక్కదానివే మిగల్లేదు పెద్దమ్మా, ఆ ముగ్గురి వాటా కూడా నీలో ఉంది" అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. "సదువుకున్నోళ్ల మాటలు" అంది. కేక్ కూడా కొయ్యలేదు. పదేళ్లు నిండిన రోజు మాత్రం పెద్ద గిన్నెడు పులిహోర చేసి, బరువు నాతో మోయించి, ధర్మశాల దగ్గరికి పోయింది. బీహార్ నుంచి వచ్చిన ఒకామె తింటూ పెద్దమ్మ చెయ్యి వాపు చూసింది, అర్థం చేసుకుంది. "కిత్‌నే సాల్?" అని అడిగింది. "దస్" అంది పెద్దమ్మ. ఇంకేమీ చెప్పలేదు. ఆమె తినడం ఆపి పెద్దమ్మ చేతిని కాసేపు పట్టుకుని కూర్చుంది. పండుగ అంటే ఇదే అయితే నాకు అభ్యంతరం ఏమీ కనబడదు.

కానీ నా లెక్క కుదరని చోటు ఒకటి మిగిలింది. మా అంతస్తులోనే ఒకామెకు రోగం ఎముకలకు పాకింది. ఇక తగ్గదు, మందులతో ఆపుతూ రావాలి అని డాక్టర్లు చెప్పారు. ఆమెకు పెద్దమ్మ సాక్ష్యం ఏం పనికొస్తుంది? పదేళ్లు అనే మాటే ఆమె ముందు అనలేం. పెద్దమ్మ అనదు కూడా. వారానికోసారి పోయి తలకు నూనె పెడుతుంది, సీరియల్ ముచ్చట్లు చెబుతుంది. ఆమె లెక్కలు చిన్నవి. దసరా దాకా, తర్వాత సంక్రాంతి దాకా, తర్వాత కొడుకు పదో తరగతి పరీక్షల దాకా. పరీక్ష మొదటి రోజు పెద్దమ్మే పిల్లగానికి పెరుగు చక్కెర తినిపించి పంపింది. ఫలితాలు వచ్చినప్పుడు 62 శాతం వచ్చింది. మెట్ల మీది నుంచి కింది దాకా పేడాలు పంచారు. వాళ్లమ్మ ఆ రోజు ఇంట్లోనే ఉంది, గోడకు ఆనుకొని కూర్చుని సగం పేడా తిన్నది.