ఒక్క గజము నేల

ధ్యానభాగము: 2 సమూయేలు 23:11-12, 1 కొరింథీయులకు 4:2



దావీదు బలాఢ్యుల పేర్లు చదువునప్పుడు షమ్మా అనువానియొద్ద మనము కొంచెము ఆగవలెను. అతడు కాపాడినది కోట కాదు, రాజనగరు కాదు. ఒక అలచందల చేను. శత్రువులు వచ్చిరి, తోడివారు పారిపోయిరి, ఇతడు మాత్రము చేని నడుమ నిలిచెను. లేఖనము ఈ సంగతిని రెండే వచనములలో ముగించుచున్నది. సేద్యము చేయు మనకు ఇది చక్కగా బోధపడును. పైరు పండించుట ఒక పని, పండినదానిని కాచుట మరియొక పని. పండించినవానిని ఊరంతయు మెచ్చుకొనును. రాత్రివేళ మంచెమీద కూర్చుండి కాచినవానిని ఎవరు చూతురు?

ఈ మాసము అట్టి కాపుదల పని చేసిన ఒక దూరదేశస్థుని సంగతి మీ ముందుంచుచున్నాము. అతడు అమెరికా దేశపు ఫుట్‌బాలు ఆటగాడు, పేరు మైక్ జోన్స్. ఆటగాని సంగతి సంఘపత్రికలో ఏల అని కొందరు అడుగుదురేమో. మన ప్రభువు విత్తువానిని, వర్తకుని, గృహనిర్వాహకుని చూపి బోధించెను గదా! పౌలు పరుగుపందెము చూపి బోధించెను. మేమును ఇతని భక్తిని గూర్చి కాదు, ఇతని పనిని గూర్చి చెప్పుచున్నాము.

అమెరికావారి ఫుట్‌బాలు మన పిల్లలు కాలితో తన్ను ఆట కాదు. అందులో బంతిని చేతపట్టి పరుగెత్తుదురు, విసరుదురు. మైదానమున ఈ గీతనుండి ఆ గీతవరకు 100 గజములు. ఒక జట్టు బంతిని ఎదుటివారి గీత దాటింపజూచును. రెండవ జట్టు బంతి పట్టినవానిని నేలకు పడవేసి ఆపును. చెడుగుడు ఎరిగినవారికి ఇది సుళువుగా తెలియును. కూతకు వచ్చినవాడు గీత చేరకముందే కాలు పట్టుట ఎంత పనియో మన యౌవనస్థులకు చెప్పనక్కరలేదు. బంతి మోసినవాని పేరు పెద్ద అక్షరములతో పత్రికలలో పడును. ఆపినవాని పేరు అరుదుగా పడును.

జోన్స్ మిస్సోరి రాష్ట్రములోని కాన్సాస్ సిటీవాడు. మిస్సోరి విశ్వవిద్యాలయమున చదువుచు, బంతి మోసి పరుగెత్తువాడుగా ఆడెను. 1991లో వృత్తి జట్లవారు కూడుకొని, 12 వరుసలుగా మూడు వందలమందికి పైగా యువకులను ఏరుకొనిరి. అతని పేరు ఎవరును పిలువలేదు. తరువాత రైడర్స్ అను జట్టు అతనిని చేర్చుకొనెను గాని, బంతి మోయు పని ఇయ్యక, కాపుదల వరుసలో పెట్టెను. అతడు ఎరిగిన పని విడిచి, ఎరుగని పని మొదటినుండి నేర్చుకొనవలసివచ్చెను. ఆరు సంవత్సరములు అక్కడ ఆడి, 1997లో సెయింట్ లూయిస్ పట్టణపు రామ్స్ జట్టునకు వచ్చెను. అది ఓడిపోవు జట్టు. 1998లో 16 ఆటలు ఆడి 4 మాత్రమే గెలిచిరి. మరుసటి సంవత్సరము అదే జట్టు 13 గెలిచి, దేశమంతయు చూచు సూపర్ బౌల్ అను కడపటి ఆటకు చేరెను.

ఆ ఆట 2000 జనవరి 30న అట్లాంటా నగరమున జరిగెను. ఎదుటి జట్టు టెనెసీ టైటన్స్. రామ్స్‌కు 23, టైటన్స్‌కు 16. ఇంక 6 సెకనులే మిగిలినవి. బంతి గీతకు 10 గజముల దూరమున టైటన్స్ చేతిలో నున్నది. గీత దాటి, ఆపైన బంతిని కంబముల నడుమనుండి తన్నిన యెడల ఆట సమమగును.

ఆ ఘడియలో జోన్స్‌కు నియమింపబడిన పని ఏది? ఫ్రాంక్ వైచెక్ అను ఎదుటివానిని వెంబడించుట. అతడు గీతవైపు పరుగెత్తగా జోన్స్ వెంట పరుగెత్తెను. అయితే పరుగెత్తుచునే వెనుకకు తల త్రిప్పి చూచెను. కెవిన్ డైసన్ అనువాడు అడ్డముగా లోపలికి వచ్చి బంతి పట్టుకొనుట కనబడెను. జోన్స్ వెంటనే మళ్లి, అతని కాళ్లు చేతులతో చుట్టి పట్టి విడువలేదు. డైసన్ పడుచునే బంతిగల చేయి గీతవైపు చాచెను. చాలలేదు. ఒక్క గజము తక్కువాయెను. కాలము ముగిసెను.

ప్రియులారా, ఇందులో మూడు సంగతులు ధ్యానించుదము.

మొదటిది, ఆ ఒక్క పట్టు ఒక్క దినములో కలిగినది కాదు. 1991 మొదలుకొని ఎవరును చూడని దినములలో, ఎండలో వానలో, కాళ్లు పట్టి ఆపుట అతడు నేర్చుకొనుచుండెను. ఆ పట్టులో వింత ఏమియు లేదు. వేలమార్లు చేసినదానినే మరియొకమారు చేసెను. మన సంఘములలోను ఇట్టివారు గలరు. ప్రతి ఆదివారము అందరికంటె ముందు వచ్చి గుడి ఊడ్చు వృద్ధురాలు, జబ్బుపడినవారియొద్ద రాత్రులు కూర్చుండు సహోదరుడు, ఇద్దరే పిల్లలు వచ్చినను ఆదివారపు బడి మూయని ఉపాధ్యాయురాలు. వీరి పేర్లు సభలలో పిలువబడవు. మా పేరు పిలువబడలేదని మేమును నొచ్చుకొని, రాత్రి నిద్రపట్టక దొర్లిన దినములు గలవని ఒప్పుకొనుచున్నాము. గృహనిర్వాహకునియందు దేవుడు వెదకునది పేరు కాదు, నమ్మకత్వము.

రెండవది, అతడు తన పని చేయుచునే కన్ను తెరచియుండెను. నాకు అప్పగించినది వైచెక్‌నే గదా, డైసన్ ఎవరి పాలివాడో వారే చూచుకొందురు అనుకొనియుండినయెడల ఎవరును తప్పుపట్టకపోదురు. యెరికో త్రోవను వెళ్లిన యాజకునికిని లేవీయునికిని వారి వారి పనులు ఉండియుండవచ్చును. సమరయుడును తన పనిమీదనే పోవుచుండెను గాని తల త్రిప్పి చూచెను. మన చేనికి నీళ్లు పెట్టుకొనుచుండగా పొరుగువాని గట్టు తెగినయెడల, అది మన గట్టు కాదనుట విశ్వాసికి తగునా?

మూడవది కష్టమైనది. దేవుడు జోన్స్‌కు జయమిచ్చెనని చెప్పుట సులభము. అట్లయిన డైసన్‌కు ఏమి చెప్పుదము? అతడును తన యావచ్ఛక్తి చేయి చాచెను. విశ్వాసము గలవారు ఎల్లప్పుడు గెలుతురని బోధించుట మన ప్రభువు సిలువను మరచుటయే. వానలు తప్పి పంట పోయిన రైతును, ఎంత ప్రార్థించినను బిడ్డను పోగొట్టుకొన్న తల్లిని మనము ఎరుగుదుము. వారి విశ్వాసము ఒక్క గజము తక్కువాయెనని చెప్పుటకు మనకు నోరు రాకూడదు. చేయి చాచుట మన వంతు. ఫలితము దేవుని వంతు. చాచిన చేతిని ఆయన మరువడు.

జోన్స్ 2001, 2002 సంవత్సరములలో పిట్స్‌బర్గ్ పట్టణపు స్టీలర్స్ జట్టులో ఆడి ఆట చాలించెను. పిమ్మట పిల్లలకు నేర్పుటకు పూనుకొనెను. సెయింట్ లూయిస్ ప్రాంతపు హేజల్‌వుడ్ ఈస్ట్ ఉన్నత పాఠశాల జట్టు 2008లో అతని శిక్షణలో రాష్ట్రమంతటిలో మొదటిదాయెను. 2011 మొదలుకొని కొన్ని సంవత్సరములు లింకన్ విశ్వవిద్యాలయమున నేర్పెను. బానిసత్వము తొలగుటకై జరిగిన యుద్ధములో పోరాడిన నల్లజాతి సైనికులు తమ జీతములనుండి చందాలు వేసికొని 1866లో స్థాపించిన విద్యాలయమది. అక్కడ అతని జట్టు గెలిచినవి తక్కువ, ఓడినవి ఎక్కువ. అయినను సంవత్సరము వెంట సంవత్సరము నేర్పుచునే యుండెను.

ఆ గొప్ప ఆట జరిగిన అట్లాంటా మందిరమును 2017లో మందుగుండుతో కూల్చివేసిరి. రామ్స్ జట్టు 2016లో సెయింట్ లూయిస్ విడిచి వెళ్లెను. అంత కేకలు వేసిన స్థలము నేడు లేదు. మనుష్యుల మెప్పు ఎంతకాలము నిలుచునో ఇందువలన తెలిసికొందము.

నీకు దేవుడు అప్పగించిన నేల ఎంత? అది ఒక కుటుంబము కావచ్చును, పది ఇండ్ల చిన్న సంఘము కావచ్చును, తప్పిపోవుచున్న ఒక్క కుమారుడు కావచ్చును. ఒక్క గజమే కావచ్చును. దానిమీద నిలువుము. తల త్రిప్పి పొరుగువానిని చూడుము. పట్టినదానిని విడువకుము.

ప్రార్థన: ప్రభువా, మా పేరు పిలువబడని దినమునను మా కావలి చోట మమ్మును నిలుపుము. చేయి చాచి అందుకొనలేని వారిని నీవే ఎత్తుము. ఆమేన్.