తీర్చే అప్పులు, పొగిడే ఋణాలు

ఒక ప్రభుత్వం ఇద్దరికి మాట ఇచ్చిందనుకుందాం. ఒకరితో "నీ దగ్గర తీసుకున్న డబ్బు వడ్డీతో సహా ఫలానా తేదీకి ఇచ్చేస్తాను" అంది. ఇంకొకరితో "నీ ఇంట్లో పిల్లలకి ఈ నెల తిండికి లోటు రానివ్వను" అంది. ఇద్దరికీ ఒకేసారి ఇవ్వలేని పరిస్థితి వచ్చింది, లేదా వచ్చిందని చెప్పారు. అప్పుడు ఏ మాట ముందు నిలబెట్టుకోవాలి?

నీతిశాస్త్రం తరగతిలో అడిగే ఊహాజనిత ప్రశ్నలా ఉంది కదూ. నేను ఉంటున్న అమెరికాలో ఇది ఊహ కాదు. 2025 అక్టోబరు 1 నుంచి నవంబరు 12 దాకా, 43 రోజులు, బడ్జెట్‌కి ఆమోదం లేక ఫెడరల్ ప్రభుత్వం మూతపడింది. సుమారు 4.2 కోట్ల మంది ఆధారపడిన ఆహార సహాయం (దాని పేరు స్నాప్, అందరూ ఇంకా ఫుడ్ స్టాంపులనే అంటారు) నవంబరు నెలలో చాలామందికి సకాలంలో అందలేదు. వ్యవహారం కోర్టులదాకా వెళ్ళింది. ఆ 43 రోజుల్లో ప్రభుత్వ బాండ్ల మీద వడ్డీ మాత్రం ఒక్క రోజు కూడా ఆగలేదు.

ఇందులో కుట్ర ఏమీ లేదు. చట్టమే అలా ఉంది. వడ్డీ చెల్లింపుకి శాశ్వత అనుమతి ఉంది కనక దానికి ఏటేటా ఎవరూ ఓటెయ్యక్కర్లేదు. తిండి డబ్బుకి ఏటేటా ఓటెయ్యాలి. ఒక మాటని రాతిమీద చెక్కారు, ఇంకో మాటని పలకమీద రాశారు. ఎందుకలా అన్నదే నన్ను చాలాకాలంగా వేధిస్తున్న ప్రశ్న.

ముందు అప్పు పరిమితి గురించి నాలుగు మాటలు చెప్పాలి, ఎందుకంటే ఆ పేరే మోసం చేస్తుంది. 1917లో, మొదటి ప్రపంచయుద్ధానికి డబ్బు సమకూర్చిన చట్టంతో ఇది మొదలైంది. వినగానే ఖర్చుకి కళ్ళెం అనిపిస్తుంది. నిజానికి ఎంత ఖర్చు పెట్టాలో, ఎంత పన్ను వెయ్యాలో అమెరికన్ కాంగ్రెస్ వేరే చట్టాల్లో అప్పటికే తేల్చేసి ఉంటుంది. ఆ రెండింటి మధ్య తేడా పూడ్చడానికి తెచ్చే అప్పుకి మళ్ళీ విడిగా అనుమతి కావాలి. కిరాణాకొట్లో ఖాతా రాయించి, సరుకులు తెచ్చి, వండుకుని తిన్నాక, ఆ ఖాతా తీర్చాలా వద్దా అని ఇంట్లో పంచాయితీ పెట్టుకోవడం లాంటిది ఇది. 1960 నుంచి 70 సార్లకి పైగా ఈ పరిమితిని పెంచారు, పొడిగించారు, సవరించారు. ఎక్కువసార్లు అదొక తంతుగా జరిగిపోయింది. కొన్నిసార్లు మాత్రం బేరానికి ఆయుధమైంది.

2011లో అలాగే అయింది. పదేళ్ళపాటు ఖర్చులు కోస్తామన్న షరతు మీద ఆగస్టు 2న పరిమితి పెంచారు. మూడు రోజులకి ఒక రేటింగ్ సంస్థ ఆ దేశపు పరపతిని ఒక మెట్టు దించింది. ఆ జాప్యం వల్ల ఆ ఒక్క ఏడాదే ప్రభుత్వానికి అప్పు ఖర్చు సుమారు 130 కోట్ల డాలర్లు పెరిగిందని ప్రభుత్వ ఆడిట్ సంస్థే లెక్క కట్టింది. అంటే పొదుపు గురించిన పోట్లాటకే అంత దుబారా అయింది.

ఆ షరతుల ఫలితం 2013 మార్చిలో కనిపించింది. దాదాపు అన్ని పద్దుల మీదా గుడ్డిగా కోత పడింది. రెండు చోట్ల పడిన కోతని మాత్రం పక్కపక్కన పెట్టి చూడమని అడుగుతున్నాను. ఒకటి, పేద కుటుంబాల చిన్నపిల్లలకి బడీ, తిండీ, ఆరోగ్య పరీక్షలూ కలిపి అందించే హెడ్‌స్టార్ట్. అందులో సుమారు 57,000 మంది పిల్లలకి చోటు పోయింది. రెండోది, విమానాల రాకపోకల్ని నియంత్రించే సిబ్బంది. ఏప్రిల్ 21 నుంచి వాళ్ళకి జీతంలేని సెలవులు మొదలయ్యాయి, విమానాలు ఆలస్యమయ్యాయి. వారం తిరక్కుండానే రెండు సభలూ కలిసి చట్టం చేసి దాన్ని సరిదిద్దాయి. ఆ చట్టం చేసినవాళ్ళు కూడా వారాంతంలో విమానమెక్కి ఇళ్ళకి వెళ్ళేవాళ్ళే. హెడ్‌స్టార్ట్ డబ్బు తిరిగి రావడానికి 2014 జనవరి దాకా పట్టింది. నాలుగేళ్ళ పిల్ల జీవితంలో ఒక బడి సంవత్సరం అంటే ఎంతో వేరే చెప్పాలా.

ఇలాంటప్పుడు రెండు పార్టీల నాయకులూ ఒకే పోలిక తెస్తారు. మామూలు కుటుంబాలు ఖర్చు తగ్గించుకుని బతకడంలేదా, ప్రభుత్వం కూడా అలాగే నడవాలి కదా అని. ఈ పోలిక చెప్పేవాళ్ళలో ఎంతమంది నెలాఖరున ఇల్లు నడిపారో అని నాకు అనుమానం. మా అమ్మ నడిపింది. మా నాన్న ఎయిడెడ్ స్కూల్లో మాస్టారు, జీతం ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలిసేది కాదు. అమ్మ పద్దుల పుస్తకం ఇప్పుడు నా దగ్గరే ఉంది. అందులో పాలు, బియ్యం, కిరసనాయిలు, మా ఫీజులు, వడ్డీవ్యాపారికి కట్టిన వడ్డీ అన్నీ ఉన్నాయి. జీతం రాని నెలల్లో ఆవిడ మందులు మానేసింది. కందిపప్పు మాకు వడ్డించి తను మజ్జిగతో సరిపెట్టుకుంది. అవి పుస్తకంలో లేవు. ఖర్చు కాలేదు కనక పద్దు లేదు. ఇల్లు పొదుపుగా నడిచిందని అందరూ మెచ్చుకున్నారు. ఆ పొదుపు ఎవరి ఒంట్లోంచి వచ్చిందో ఎవరూ రాసుకోలేదు.

కాబట్టి ఆ పోలిక నిజమే, చెప్పేవాళ్ళు అనుకున్న అర్థంలో మాత్రం కాదు. ఇంట్లో అయినా రాజ్యంలో అయినా కోత పడినప్పుడు అవసరం మాయం కాదు, చోటు మారుతుంది. బడిలో చోటుపోయిన ఆ 57,000 మంది పిల్లలూ ఆ గంటల్లో ఎక్కడో ఒకచోట ఉండే ఉంటారు. తల్లి షిఫ్టు వదులుకుని ఉంటుంది, అమ్మమ్మ మోకాళ్ళ నొప్పులతో వెంట పరిగెత్తి ఉంటుంది, పెద్దపిల్ల తన చదువు పక్కన పెట్టి ఉంటుంది. రాసుకునే లెక్కలోంచి రాసుకోని లెక్కలోకి జారిపోయిన ఆ శ్రమనే మనం ఇంటిచాకిరీ అంటున్నాం. న్యూజీలాండ్ పార్లమెంటు సభ్యురాలిగా పనిచేసిన మారిలిన్ వేరింగ్ 1988లోనే ఒక పుస్తకమంతా దీనిమీద రాసింది. జాతీయాదాయం లెక్కల్లో ఆడవాళ్ళ ఇంటిపని ఎందుకు కనపడదో, అది కనపడకపోవడం ఎవరికి లాభమో ఆవిడ చూపించింది. ప్రభుత్వాలు ఇంకా ఆ లెక్కలతోనే నడుస్తున్నాయి.

లెక్కకి రాకపోవడం అంటే ఏమిటో నా తరగతిలోనే చూశాను. నేను వాషింగ్టన్ పక్కన ఒక కమ్యూనిటీ కాలేజీలో సాయంత్రం తరగతులు చెప్తాను. 2018 డిసెంబరు 22 నుంచి 35 రోజులపాటు ప్రభుత్వం మూతపడింది. ఆ గొడవ అప్పు గురించి కాదు, సరిహద్దు గోడకి డబ్బు గురించి. సుమారు 8 లక్షల మంది ఉద్యోగులకి జీతాలు ఆగాయి, తరవాత చట్టం చేసి బకాయిలన్నీ ఇచ్చారు. నా విద్యార్థిని ఒకామె ఒక ప్రభుత్వ భవనంలో కాంట్రాక్టు మీద గదులు శుభ్రంచేసేది. ఆఫీసు మూస్తే ఆమెకి పనిలేదు, తెరిచాక బకాయీ లేదు, ఎందుకంటే ఆమె ప్రభుత్వ ఉద్యోగి కాదు. "మాడం, వాళ్ళు చెయ్యని పనికి కూడా వాళ్ళకి డబ్బొచ్చింది. నాకు చెయ్యనివ్వని పనికి రాలేదు" అంది. కోపంగా కాదు, వ్యాకరణం సందేహం అడిగినట్టు అంది. ఒకే భవనంలో బల్లమీద రాసేవాళ్ళకి ప్రభుత్వం బాకీ పడింది. ఆ బల్ల తుడిచే ఆమెకి ఏమీ బాకీ పడలేదు. ఎవరు అప్పులవాళ్ళో, ఎవరు కారో ముందే తేల్చిపెట్టేశారు.

ఇక "పని" అనే మాట సంగతి. 2023లో మళ్ళీ అప్పు పరిమితి దగ్గర పీటముడి పడింది. జూన్ 3న అది విడిపోయినప్పుడు చెల్లించిన మూల్యాల్లో ఒకటి ఫుడ్ స్టాంపుల నిబంధన. చిన్నపిల్లలు లేని పెద్దవాళ్ళు నెలకి 80 గంటలు పనిచేస్తున్నట్టు చూపించకపోతే మూడేళ్ళలో మూడు నెలలే సహాయం అన్న రూలు అంతకుముందు 49 ఏళ్ళవాళ్ళ వరకే ఉండేది. దాన్ని 54కి పొడిగించారు. 2025 జూలై 4న సంతకమైన చట్టం దాన్ని 64కి తీసుకెళ్ళింది. పిల్లలున్నవాళ్ళకి ఉన్న మినహాయింపుని కూడా తగ్గించి, 14 ఏళ్ళలోపు పిల్లలున్నవాళ్ళకే పరిమితం చేసింది. పద్నాలుగు నిండిన పిల్లని కనిపెట్టుకుని ఉండటం ఇప్పుడు చట్టం దృష్టిలో పని కాదు. స్వచ్ఛంద సేవని పనిగా ఒప్పుకుంటారు కనక, ఆ తల్లే పక్కవీధిలో ఒక సంస్థకి వెళ్ళి ఇంకొకరి పిల్లలకి ఊరికే పాఠాలు చెప్తే అది పనవుతుంది!

మన తెలుగువాళ్ళు ఈ గొడవ తమది కాదనుకుంటారు. వారాంతపు విందుల్లో "పని చెయ్యనివాళ్ళని మన పన్నులతో మేపుతున్నారు" అన్న మాట నేను చాలాసార్లు విన్నాను. అన్న మనిషి చేతిలో కంచం ఉంటుంది. ఆ కంచంలోకి వండింది విజయవాడ నుంచో వరంగల్ నుంచో వచ్చిన అత్తగారు. మన ఇళ్ళల్లో హెడ్‌స్టార్ట్ విమానమెక్కి వస్తుంది, ఆరునెలలు ఉంటుంది, అది వెళ్ళగానే వియ్యపురాలి రూపంలో ఇంకోటి దిగుతుంది. ఆవిడ వచ్చిన విజిటర్ వీసా మీద ఉద్యోగం చెయ్యకూడదు. అయినా ఉదయం అయిదున్నరకి పాలసీసాతో మొదలై రాత్రి గిన్నెలతో ముగిసే రోజువల్ల ఏ చట్టమూ ఉల్లంఘన కాదు. అది పనే కాదు కదా! స్నాప్ కార్డున్న తల్లినీ, మన అత్తగారినీ లెక్కలోంచి తీసేసింది ఒకటే నిర్వచనం. ఒకరిని సోమరి అన్నారు, ఇంకొకరిని దేవత అన్నారు, అంతే తేడా.

ఆ దేవత అన్న మాట దగ్గరే నా ప్రశ్నకి సగం జవాబు దొరికిందనిపిస్తుంది. మన భాషలో అప్పు వేరు, ఋణం వేరు. అప్పుకి నోటు ఉంటుంది, తేదీ ఉంటుంది, సాక్షి సంతకం ఉంటుంది. ఋణం అనగానే గొంతు మారుతుంది. తల్లి ఋణం ఏడేడు జన్మలెత్తినా తీరేది కాదంటాం. ఎంత గొప్ప మాట! అయితే తీర్చలేని బాకీకి గడువు ఉండదు, వాయిదా ఉండదు, అడిగే హక్కు కూడా ఉండదు. తీర్చలేనిదని పొగడటం, తీర్చనక్కర్లేదని చెప్పడానికి మర్యాదైన పద్ధతి. అమెరికా నాయకులు కూడా "కష్టజీవులైన కుటుంబాలకి ఈ దేశం ఎంతో ఋణపడి ఉంది" అనే ధోరణిలో మాట్లాడతారు. తీర్చేది మాత్రం బాండ్లు.

అప్పు తీర్చొద్దని నేను అనడంలేదు. ఆ బాండ్లలో టీచర్ల పెన్షన్ నిధులున్నాయి, ముసలివాళ్ళు దాచుకున్న డబ్బుంది. 2024లో ఆ దేశం వడ్డీకి పెట్టిన ఖర్చు రక్షణ ఖర్చుని దాటింది, అది భయపడాల్సిన విషయమే. కానీ కోతలన్నీ ఆ భయంతోనే జరిగాయని నమ్మడం కష్టం. తిండిలోనూ పేదల వైద్యంలోనూ కోతపెట్టిన 2025 చట్టమే అప్పు పరిమితిని 5 లక్షల కోట్ల డాలర్లు పెంచింది. పన్ను తగ్గింపుల మూలంగా అది పదేళ్ళలో లోటుకి సుమారు 3.4 లక్షల కోట్ల డాలర్లు కలుపుతుందని కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం అంచనా వేసింది. వైద్య బీమా పోగొట్టుకునేవాళ్ళు 2034 నాటికి సుమారు కోటిమంది అని కూడా అదే కార్యాలయం చెప్పింది. కంచంలో కోసినది అప్పు తీర్చడానికి పోలేదు.

అప్పు పవిత్రం అనేవాళ్ళు అమెరికా రాజ్యాంగాన్ని చూపిస్తారు. అంతర్యుద్ధం తరవాత, 1868లో వచ్చిన 14వ సవరణలో నాలుగో సెక్షన్, చట్టబద్ధమైన ప్రభుత్వ రుణాన్ని ఎవరూ ప్రశ్నించకూడదంటుంది. ఆ సెక్షన్‌ని చివరిదాకా చదవాలి. తిరుగుబాటుకి సాయపడిన అప్పులు చెల్లవని, విముక్తులైన బానిసల "నష్టానికి" యజమానులు పరిహారం అడిగితే అదీ చెల్లదని అక్కడే రాసి ఉంది. అంటే ఏది అప్పు, ఏది కాదు అన్నది అంకగణితం తేల్చలేదు. న్యాయాన్యాయాలు చూసి మనుషులు కూర్చుని తేల్చారు. అదే సెక్షన్‌లో, తరాలపాటు కూలి లేకుండా పొలాల్లోనూ వంటిళ్ళలోనూ చాకిరీ చేసిన ఆ స్త్రీ పురుషులకి దేశం పడిన బాకీ గురించి ఒక్క మాట లేదు. వాళ్ళ దగ్గర నోటు లేదు మరి.

అందుకే తిండికి మొదటి చోటు ఇవ్వమని దయ పేరుతో అడగడం నాకు చాలదనిపిస్తుంది. దయ కూడా పలకమీద రాతే. పిల్ల తిండి, ముసలమ్మ మందు, కాంట్రాక్టు మనిషి కూలి కూడా తేదీ ఉన్న బాకీలే. వడ్డీకి ఇచ్చిన శాశ్వత అనుమతి వాటికీ ఇవ్వాలి. ఋణదాత వాయిదా ఒక నెల ఆగితే అతని ఆస్తి కొంత తగ్గవచ్చు. పిల్ల ఎదుగుదల ఒక నెల ఆగితే దాన్ని బకాయిగా తరవాత చెల్లించడం ఎవరి తరమూ కాదు. ఆలస్యం చేస్తే పూడ్చలేని బాకీ ముందు తీరాలి. నీతికి ఇంతకంటే పెద్ద సూత్రం అక్కర్లేదు.

ఋణపడి ఉన్నాం అన్న మాట ఇంట్లో విన్నా చట్టసభలో విన్నా, మనం అడగాల్సింది ఒకటే: ఎంత, ఎప్పటికి?