ఊరు విడిచిన దంపతులు
కంబదూరు ప్రాంతమున వాన తప్పి వేరుశెనగ యెండిన యేట, భార్యాభర్తలు ఇంటికి తాళము వేసి బెంగుళూరు పోవుదురు. ప్రియులారా, ఊరు విడుచుట అవిశ్వాసమా?

అకుల ప్రిస్కిల్లలను చూడుడి. క్లౌదియ చక్రవర్తి ఆజ్ఞవలన రోమా విడిచి, కొరింథులో డేరాలు కుట్టి బ్రదికిరి. పిమ్మట పౌలుతో కూడ ఓడ యెక్కి ఎఫెసులో దిగిరి. పౌలు సాగిపోయెను, వారు నిలిచిరి (అపొ. కార్య. 18). అక్కడ అపొల్లోకు దేవుని మార్గము విశదపరచిరి, వారి యింట సంఘము కూడెను (1 కొరింథీ. 16:19). ఊళ్లు మారినను వారి తలుపు మూయబడలేదు.

కాబట్టి పోవుట దోషము కాదు. అయితే ఇక్కడ మిగిలిన ముసలితల్లికి గంజి పోయువారెవరు? పోయిన బిడ్డలు ఆమెను మరువరాదు. నిలిచిన సంఘము ఆమె గడప తొక్కవలెను. ఈ నెల అట్టి యిండ్లకు పోవుదము.