పాత లాంచీ కొనవలెనా?

మూలవాక్యములు: లూకా 14:28–30, అపొస్తలుల కార్యములు 27:9–12



అమరావతి చుట్టుపట్ల కృష్ణ ఒడ్డునగల మన సంఘములలో ఈ నెల అంతయు ఒకటే మాట. యాత్రికులను త్రిప్పుచుండిన పెద్ద లాంచీ యొకటి అమ్మకమునకు వచ్చినది. క్రొత్తదాని వెలలో సగమైనను అడుగుటలేదు. కోతపండుగ అర్పణలు చేతికి రాగానే కొందమని కొందరును, వలదని కొందరును అనుచున్నారు. ఇది వట్టి పడవ బేరమే యైనచో ఈ పత్రికలో వ్రాయనక్కరలేదు. ఇది దేవుని సొమ్మును గూర్చిన మాట. ఆ పడవలో ఎక్కబోవు ప్రాణములను గూర్చిన మాట.

కొందమనువారి ఉద్దేశము మంచిది. ఆవలి ఒడ్డునను లంకలలోను ఉన్న విశ్వాసులు కూడికలకు వచ్చుటకు బహు కష్టపడుచున్నారు. లాంచీ యున్నయెడల సువార్త దళము పోవచ్చును, పిల్లల కూడికలు జరుపవచ్చును, రోగులను ఈవలికి తేవచ్చును. ఈ ఆశను మేము తప్పు పట్టము. అయితే మంచి ఆశకు కూడ లెక్క కావలెనని ప్రభువే సెలవిచ్చెను.

గోపురము కట్టగోరినవాడు మొదట కూర్చుండి తగులుబడి చూచుకొనడా అని ఆయన అడిగెను. మొదట కూర్చుండవలెను, తరువాతనే లేవవలెను. పునాది వేసి నిలిచిపోయిన గోపురము దారిన పోవువారికి నవ్వులపాలైనది. రేవులో కదలక మునిగియున్న సంఘపు లాంచీ అంతకన్న తక్కువ నవ్వులపాలగునా?

కనుక కూర్చుండి చూతము. మన రైతు ఎద్దును కొనునప్పుడు కొమ్ములకు పూసిన రంగు చూచి డబ్బియ్యడు. పండ్లు చూచును, కాడి కట్టి ఒక చాలు దున్నించును. మిరప టిక్కీ పైన ఎఱ్ఱని కాయ యున్నను లోపల చేయి పెట్టి తాలుకాయలున్నవేమో చూచును. లాంచీకి తాలు నీటి క్రింద నుండును. దానిని ఒడ్డుకెక్కించి అడుగు చూడవలెను. ఇనుపరేకు నీటిలోనున్నచోట త్రుప్పుపట్టి పలుచనగును; పైన ఎంత రంగు పూసినను సుత్తితో తట్టినప్పుడు ధ్వని దాని నిజము చెప్పును. ఇంజను ఎన్ని గంటలు నడచినదో, షాఫ్టు బయటికి పోవుచోట నీరు కారుచున్నదో లేదో చూడవలెను. ఇవి అమ్మువాడు కాక, పడవ తెలిసిన వేరొకడు చూచి చెప్పవలెను.

వెల ఒకనాడే ఇత్తుము. ఖర్చు ప్రతిదినము వచ్చును. డీజిలు, సరంగు జీతము, ఏటేటా అడుగుకు రంగు, భీమా ఇవన్నియు కలవు. నదులలో నడచు యంత్రపు పడవలను గూర్చి 2021లో పార్లమెంటు చేసిన చట్టము ప్రకారము పడవకు తనిఖీ పత్రము, రిజిస్ట్రేషను, తగిన యోగ్యతగల నడుపువారు, ప్రాణరక్షక సామగ్రి ఉండవలెను.

నదిని కూడ చూడవలెను. ప్రకాశం బ్యారేజి నీరు నిలిచినంతకాలము మన రేవులలో లోతుండును. నీరు తగ్గినప్పుడు ఇసుకమేటలు బయటపడును. పెద్ద లాంచీ మేటమీద కూర్చుండిపోవును. అదే చోట లంక మనుష్యుడు చిన్న నావను గెడతో త్రోసికొని పోవును. కొల్లూరు వైపు లంకలకు కూడ పోవచ్చునని యౌవనులు అనుచున్నారు గాని, అవి బ్యారేజికి దిగువనున్నవి. ఇక్కడి లాంచీ నదివెంట అక్కడికి పోజాలదు.

ఇక వరద వచ్చునప్పుడేమి? 2024 సెప్టెంబరు మొదటి దినమున వరదలో కొట్టుకొనివచ్చిన బరువైన పడవలు ప్రకాశం బ్యారేజి గేట్లను ఢీకొని, వాటి కౌంటరు వెయిట్లను పాడుచేసినవి. వాటిని తీయుటకు అనేక దినములు పట్టినది. అర్ధరాత్రి నీరు పెరుగుచుండగా మన లాంచీ మోకులు చూచువాడెవడు? కొన్ననాటి సంబరమునకు అందరు వత్తురు. ఆ రాత్రికి పేరు చెప్పి నిలుచువాడు ఒకడైన ఉండవలెను.

రెండవదిగా, ఎవరి మాట వినుచున్నామో చూచుకొందము. పౌలు ఎక్కిన ఓడ మంచిరేవులు అనుచోట ఆగియుండగా, ప్రయాణపు కాలము దాటినదనియు, ముందుకు పోయినచో సరకులకును ఓడకును ప్రాణములకును నష్టము కలుగుననియు అతడు హెచ్చరించెను. శతాధిపతి మాత్రము నావికుని మాటను, ఓడ యజమానుని మాటను నమ్మెను. ఎక్కువమంది పోవుటకే ఒప్పుకొనిరి. దక్షిణపు గాలి మెల్లగా విసరగానే తమ ఆలోచన నెగ్గినదనుకొనిరి. తరువాత ఏమైనదో మీరెరుగుదురు. దేవుని దయవలన ఓడలోనున్న 276 మంది బ్రతికిరి గాని ఓడ ముక్కలాయెను. మన సభలో చేతులెత్తినవారి సంఖ్య చూచి తృప్తిపడరాదు. చౌక బేరము కూడ దక్షిణపు గాలియే, మెల్లగా విసరును. వెనుక బల్లమీద కూర్చున్న వృద్ధుడైన పడవవాడు ఏమనుచున్నాడో ముందు అడుగవలెను.

మూడవదిగా, పొత్తు మాట. వర్తకుడొకడు సగము వెల తాను పెట్టుదుననియు, సెలవు దినములలో షికారుకు త్రిప్పి లాభము పంచుదుననియు చెప్పుచున్నాడు. యెహోషాపాతు భక్తిగల రాజు. అయినను అహజ్యాతో పొత్తుచేసి ఎసోన్గెబెరులో తర్షీషుకు ఓడలు కట్టించినప్పుడు, అవి బయలుదేరకముందే బద్దలాయెను (2 దినవృత్తాంతములు 20:35–37). లాభము కొరకు నడచు పడవలో ఒక మనుష్యునికి స్థలము లేకున్నను ఇద్దరికి స్థలము దొరకును. 2017 నవంబరు 12న కృష్ణలో పవిత్ర సంగమము దగ్గర పడవ బోల్తాపడి ఇరువదిమందికి పైగా చనిపోయిరి. వారిలో అనేకులు ఒంగోలునుండి కార్తిక ఆదివారమున వచ్చినవారు. ఆ దుఃఖమును మన జిల్లాలు ఇంకను మరువలేదు. సంఘము పేరు వ్రాసియున్న పడవలో అట్టిది జరిగినచో, లాభములో సగము మాది గాని నేరము మాది కాదని దేవునియెదుట చెప్పగలమా?

అయితే పడవ లేనిదే సువార్త ఆగునా? ప్రభువు గెన్నేసరెతు సరస్సు తీరమున సీమోను దోనెను అడిగి తీసికొని, అందులో కూర్చుండి బోధించెను. ఆయనకు సొంత దోనె యున్నట్లు సువార్తలలో ఎక్కడను లేదు. బోధ అయిన తరువాత దోనె యజమానునికి చేపలు నిండుగా దొరకెను. ఎరువు తెచ్చిన దోనెవలన పేదవాని ఇంట భోజనము కలిగెను.

మన ప్రాంతపు చరిత్రయు ఇదే చెప్పుచున్నది. 1876–78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొరగారు, పడవలు నడచు బకింగ్‌హాము కాలువలో కొంత భాగము త్రవ్వించు పని ఒప్పుకొని, ఆకలిగొన్నవారికి కూలి దొరకునట్లు చేసిరి. కరువులో తిండి కొరకు ఎవరును రాకూడదని అప్పుడు బాప్తిస్మములు ఆపిరి. తరువాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది ఒక్క దినమున బాప్తిస్మము పొందిరి. ఆ జనమును తెచ్చినది సంఘపు ఓడ కాదు. కరువులో తమ ప్రక్కన నిలిచిన మనుష్యులను వారు చూచియుండిరి.

మన అర్పణ పెట్టెలోని సొమ్ము ఎక్కడిదో తలంచుకొనుడి. 2021లో నల్ల తామరపురుగు మిరపతోటలను మట్టుపెట్టినప్పుడు చేసిన అప్పులు ఇంకను తీరని ఇండ్లనుండి కూడ అది వచ్చుచున్నది. ప్రత్తి తీత కూలిలోనుండి మన విధవరాండ్రు వేసినది అందులో కలదు. ప్రభువు కానుకపెట్టె యెదుట కూర్చుండి అట్టి కాసులనే చూచుచుండెను.

కనుక పాస్టరేటు కమిటీ పక్షముగా మేము చెప్పునదేమనగా, ఈ సంవత్సరము ఈ లాంచీని కొనవద్దు. వర్తకుని పొత్తు ఎన్నడును వద్దు. ఆవలి ఒడ్డుకు నెలకు రెండుసార్లు, పత్రములును రక్షణ చొక్కాలును గల పడవను బాడుగకు తీసికొని పోవుదము. దళములో ఎంతమంది ఏడాది పొడుగునా తప్పక వత్తురో అప్పుడు తెలియును. ప్రతి బాడుగయు పుస్తకములో వ్రాయుదము. ఏడాది చివర ఆ లెక్క చూచి, సొంత పడవ నిజముగా అవసరమని తేలినచో, మేటలమీద నడచునట్టి చిన్నదానిని గూర్చి అప్పుడు కూర్చుండి ఆలోచింతము.

యౌవనులారా, మీ ఉత్సాహము చల్లారనీయకుడి. వచ్చే శనివారము బాడుగ పడవలో మొదట ఎక్కవలసినవారు మీరే. లంకలోని మన సహోదరులు ఇంతకాలము అడుగుచున్నది మనలను గాని మన లాంచీని కాదు.

గాలిని నీటిని గద్దించిన ప్రభువు మన ఆలోచనలను స్థిరపరచి, మన రాకపోకలను కాపాడును గాక. ఆమేన్.