పాత రథం, కొత్త ఇరుసు

రథం దేవుడి కదిలే ఇల్లు. వనపర్తి సంస్థానాధీశులు కట్టించిన శ్రీరంగాపురం రంగనాయకస్వామి గుడిలో ఏటా రథోత్సవం జరుగుతుంది. ఏడాదికి ఒకటి రెండు రోజులే కదిలినా కొయ్యరథానికి అరుగుదల తప్పదు. చక్రం తిరిగేచోట ఇరుసు ఒరుసుకుపోతుంది, అడుగు దూలాల అతుకుల్లో చెమ్మ నిలుస్తుంది, చెద పడుతుంది. వడ్రంగి పుచ్చిన కొయ్య తీసి కొత్తది బిగిస్తాడు. కొన్ని తరాలకు తొలినాటి చెక్క ఒక్కటీ మిగలకపోవచ్చు. అప్పుడూ అది అదే రథమా?

బౌద్ధగ్రంథం ‘మిళిందపన్హ’లో భిక్షువు నాగసేనుడు యవనరాజు మిళిందుణ్ణి అడిగింది సరిగ్గా రథం గురించే. ఇరుసు రథం కాదు, చక్రం కాదు. అన్నీ కూడినచోట పలికే పేరే రథం. న్యాయదర్శనం చెప్పే నైయాయికులు దీన్ని ఒప్పరు. భాగాలకు వేరుగా అవయవి, అంటే ఆ భాగాలతో ఏర్పడిన మొత్తం, నిజంగా ఉంది. అయితే ఒక్క భాగం తీసినా పాత అవయవి నశించి కొత్తది పుడుతుందంటారు. ఆ లెక్కన ప్రతి మరమ్మతుకూ రథం కొత్తదే. తర్కానికి లొంగినా, మోకు పట్టి లాగే భక్తుడి అనుభవానికి ఇది అందదు.

ఆగమాల జీర్ణోద్ధారణ విధి ఇంతకంటే లోతైన జవాబు. గుడి బాగుచేసేముందు దైవకళను కుంభంలోకి ఆవాహన చేసి, బాలాలయమనే తాత్కాలిక గుడిలో పూజించి, పని ముగిశాక తిరిగి నిలుపుతారు. కొనసాగింపు కొయ్యలోనో రాతిలోనో కాదు, ప్రతిష్ఠలో ఉంది.

జోగులాంబ గద్వాల జిల్లాలో దీనికి తిరగేసిన ఉదాహరణ కూడలి సంగమేశ్వరాలయం. శ్రీశైలం జలాశయం ముంపువల్ల కృష్ణా తుంగభద్రల కూడలి నుంచి దాన్ని విప్పి అలంపురంలో మళ్లీ పేర్చారు. నాగర్‌కర్నూల్ జిల్లా సోమశిల గుళ్లూ అలాగే తరలాయి. ఇక్కడ రాళ్లు పాతవే. పేరిచ్చిన సంగమం మాత్రం నీటి కిందే ఉండిపోయింది.